రిమోట్ కార్ల సంఘంలో ప్రాంతీయ బాధ్యుడి చేతిలో ఏముంది?

పోయిన నెలలో కావలి నుంచి ఒక కుర్రాడు ఫోను చేశాడు. ఆదివారాలు మాతోపాటు రిమోట్ కార్లు పరుగెత్తించేవాడే. రాష్ట్రస్థాయిలో ఒక సంఘం పెట్టుకుందామని, దాని కింద ప్రాంతాలుగా విడిపోదామని మాలో కొంతకాలంగా మాట నడుస్తోంది. "అన్నా, నెల్లూరు, ప్రకాశం కలిపి ఒక ప్రాంతం చేస్తారట కదా. బాధ్యుడి పదవికి నేను నిలబడుతున్నాను. మీ ఓటు నాకే వేయాలి" అన్నాడు. ఎందుకు వేయాలని అడిగితే గుక్క తిప్పుకోకుండా మూడు హామీలు వినిపించాడు. కార్ల వేగానికి కళ్లెం వేసే పదిహేడున్నర చుట్ల మోటారు నిబంధన తీసేయిస్తాడట. కార్ల ధరలు తగ్గిస్తాడట. మన కుర్రాళ్లను ప్రపంచ పోటీలకు పంపిస్తాడట. మూడూ వినసొంపుగానే ఉన్నాయి. మూడింటిలో ఒక్కటి కూడా ఆ పదవి చేతిలో లేదు.

అప్పటికప్పుడు నేనేమీ అనలేదు. ఉత్సాహంగా ఉన్నవాడి మీద నీళ్లు చల్లడం నాకు ఇష్టం ఉండదు. కానీ ఇలాంటి చిన్న సంఘాల ఎన్నికల్లో తమ చేతిలో లేనిదాన్ని వాగ్దానం చేసేవాళ్లే ఎక్కువ. చేతిలో ఉన్నదాని గురించి నిలదీసే ఓటర్లు తక్కువ. అందుకే ఈ పదవి చిక్కుముడిని కాస్త తీరిగ్గా విప్పాలనిపించింది.

ముందు ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మేము వీటిని ఆర్‌సీ కార్లు అంటాం. ఆ మాట విని మా వీధిలో పెద్దాయన ఒకరు "బొమ్మకు కూడా ఆర్‌సీ, ఇన్సూరెన్సు కావాలా బాబూ?" అని అడిగారు. ఆయన అనుకున్నది బండి రిజిస్ట్రేషన్ కాగితం. ఇక్కడ ఆర్‌సీ అంటే రేడియో కంట్రోల్. ఇన్సూరెన్సు మాత్రం ఆయన తెలియకుండానే సరిగ్గా అడిగారు, దాని దగ్గరికి తరువాత వస్తాను.

పోటీల కార్లు బొమ్మల దుకాణంలో దొరికేవాటిలాంటివి కావు. అసలు కారులో పదో వంతు, ఎనిమిదో వంతు కొలతల్లో ఉంటాయి. డిఫరెన్షియల్, షాక్ అబ్జార్బర్లు, గేర్లు అన్నీ విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. పదో వంతు కార్లు ఎక్కువగా లిథియం పాలిమర్ (లైపో) బ్యాటరీతో, బ్రష్‌లెస్ మోటారుతో నడుస్తాయి. ఎనిమిదో వంతులో మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనం తాగే చిన్న ఇంజన్లు కూడా ఉన్నాయి. డ్రైవర్లంతా ట్రాక్ పక్కన మంచె లాంటి ఎత్తు మీద వరసగా నిలబడతారు. కారులో ట్రాన్స్‌పాండర్ అనే చిన్న పరికరం ఉంటుంది. గీత దగ్గర నేలలో పాతిన తీగ మీదుగా కారు దాటిన ప్రతిసారీ కంప్యూటర్‌లో ల్యాప్ నమోదవుతుంది. అయిదేసి నిమిషాల హీట్లు జరుగుతాయి. వాటి ఫలితాన్ని బట్టి ముందున్నవాళ్ల చివరి పోటీ అయిన 'ఎ' మెయిన్‌లో ఎవరు ఆడాలి, వాళ్ల తరువాతివాళ్ల 'బి' మెయిన్‌లో ఎవరు ఆడాలి అన్నది తేలుతుంది.

మలుపుల దగ్గర బోల్తాపడిన కార్లను తిరగేసి నిలబెట్టడానికి మార్షల్స్ కావాలి. వాళ్లు బయటినుంచి వచ్చే కూలీలు కారు. అంతకు ముందు హీటులో ఆడినవాళ్లే. తన పరుగు అయిపోగానే కారు బల్ల మీద పెట్టి, వెళ్లి మలుపు దగ్గర ఎండలో నిలబడాలి. ఓడిపోయి లోపల మండిపోతున్నా సరే, తన స్థానాన్ని కొట్టేయబోతున్నవాడి కారు పల్టీ కొడితే పరుగెత్తి లేపాలి. నాట్ల రోజుల్లో ఒకరి మడికి ఒకరు బదులు పనికి వెళ్లినట్టన్నమాట. ఈ బదులు ఎగ్గొట్టి నీడలో కూర్చుని మజ్జిగ తాగేవాడు ప్రతి మైదానంలోనూ ఒకడుంటాడు. వాడిని లేపి పంపించడానికి ఒక మనిషి కావాలి. ప్రాంతీయ బాధ్యుడి పని నిజానికి అక్కడ మొదలవుతుంది.

ఇక నిచ్చెన మెట్ల సంగతి. అన్నిటికన్నా పైన ఇఫ్‌మార్ అనే ప్రపంచ సమాఖ్య ఉంది. దాని కింద నాలుగు కూటములు: ఐరోపాకు ఎఫ్రా, ఉత్తర అమెరికాకు రోర్, దూరప్రాచ్య దేశాలకు ఫెమ్కా, దక్షిణ అమెరికాకు ఫామార్. ప్రపంచ పోటీలు ఈ కూటముల మధ్య వంతులవారీగా తిరుగుతుంటాయి. ఎన్ని సీట్లన్నది ముందు కూటమికి తేలుతుంది. కూటమి వాటిని దేశాలకు పంచుతుంది, దేశానికి దక్కినవి ఎవరికన్నది జాతీయ సంఘం నిర్ణయిస్తుంది. జిల్లాల స్థాయి మనిషి ఈ వరసలో ఎక్కడా కనిపించడు. ఆయన చేయగలిగిందల్లా ఫలితాల పట్టికలను తేదీతో, సంతకంతో సరిగ్గా పైకి పంపించడం. ఆ పని చేయని బాధ్యుడి వల్ల ఎంత వేగంగా ఆడే కుర్రాడైనా లెక్కలోకి రాకుండా పోతాడు. కాబట్టి "ప్రపంచ పోటీలకు పంపిస్తాను" అనేవాడిని "పోయిన పోటీ ఫలితాల కాగితం నీ దగ్గరుందా?" అని అడగాలి.

ప్రాంతం అనే మెట్టుకు అన్ని దేశాలూ ఒకే విలువ ఇవ్వలేదు. అమెరికాలో 1967లో పుట్టిన రోర్ దేశాన్ని ప్రాంతాలుగా విడదీసి, ఒక్కోదానికి ఒక డైరెక్టరును పెట్టుకుంది. బ్రిటన్ సంఘం కార్ల తరగతిని బట్టి విభాగాలు చేసుకుంది. పదో వంతు మట్టి ట్రాక్ కార్లకు ఒక విభాగం, పన్నెండో వంతు కార్లకు ఇంకొకటి, ఇలా. ప్రాంతాన్ని బట్టి ఎన్నికైనవాడికి మైదానాలు, మనుషులు తెలుస్తారు కానీ అన్ని రకాల కార్లూ తెలియవు. తరగతిని బట్టి ఎన్నికైనవాడికి కారు నట్టు నట్టూ తెలుసు, మైదానం యజమాని పేరు మాత్రం తెలియదు. మన రెండు జిల్లాల్లో తరగతికొక నాయకుడిని పెట్టుకుంటే కారుకొక నాయకుడు తేలతాడు. అందుకే ప్రాంతమే మనకు తగిన మెట్టు అని నా అభిప్రాయం.

ఒకప్పుడు ఈ పెద్దమనిషి చేతిలో ఇంకో అధికారం కూడా ఉండేది, గాలి మీద అధికారం. పాత రిమోట్లు 27 మెగాహెర్ట్జ్ లాంటి పౌనఃపున్యాల్లో, క్రిస్టల్ ఆధారంగా పనిచేసేవి. ఇద్దరి దగ్గర ఒకే క్రిస్టల్ ఉంటే ఒకరు కుడికి తిప్పితే రెండోవాడి కారు గోడకు కొట్టుకునేది. అందుకే ఒక బోర్డు మీద నంబర్లు వేసి, బట్టల క్లిప్పులు తగిలించేవారు. క్లిప్పు చేతిలో లేనివాడు రిమోట్ ఆన్ చేయకూడదు. బోర్డు ఎవరి దగ్గరుంటే మైదానం వాళ్లది. 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు వచ్చాక ఆ గొడవ పోయింది. రిమోట్, రిసీవర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టుకుంటాయి, పక్కవాడి మాట వినవు. మన దేశంలో ఆ పౌనఃపున్యాన్ని 2005లో లైసెన్సు అవసరం లేకుండా వదిలేశారు. గాలి మీద పెత్తనం పోయాక నాయకుడికి మిగిలింది నేల, మనుషులు, తేదీలు.

మోటారు హామీ దగ్గరికి వద్దాం. పదిహేడున్నర అంటే మోటారు లోపల తీగ చుట్ల లెక్క. చుట్లు తగ్గే కొద్దీ వేగం పెరుగుతుంది. పదమూడున్నర చుట్లది చురుకు, ఇరవై ఒకటిన్నరది నెమ్మది. పదిహేడున్నరతో ఆడే స్టాక్ తరగతి ఉద్దేశం డబ్బున్నవాడి మోటారుకూ, కొత్తగా వచ్చినవాడి మోటారుకూ మధ్య దూరం తగ్గించడం.

ఒంగోలు వైపు వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఎడ్ల బండలాగుడు పోటీల్లో వయసును బట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలుంటాయి. నోరు తెరిపించి పళ్లు చూడనిదే జతను బరిలోకి దించరు. రెండు పళ్ల గిత్త అని రాయించి నాలుగు పళ్లదాన్ని తెచ్చారంటే ఆ ఊళ్లో ఆ రోజు పోటీ జరగదు, ఇంకేదో జరుగుతుంది. బండ ఎన్ని అడుగులు కదిలిందన్న దానికన్నా పళ్లు ఎవరు చూశారన్న దాని మీదే రచ్చ ఎక్కువ.

మోటారుకు పళ్లుండవు. అందుకని ఇక్కడ వేరే ఉపాయాలు కనిపెట్టారు. మోటారుకు కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్ తనంతట తాను టైమింగ్ పెంచి మోటారును ఉరికించకుండా ఆ సదుపాయాన్ని ఆపేస్తే, దాని దీపం మిణుకుమిణుకుమంటుంది. మిణుకు కనిపిస్తే నిబంధన పాటిస్తున్నట్టు. ఆ తరగతికి బ్లింకీ అన్న ముద్దుపేరు అలాగే వచ్చింది. రెండు సెల్స్ ఉన్న లైపో బ్యాటరీ నిండుగా చార్జ్ అయితే 8.4 వోల్టులు. అంతకు మించి ఎక్కించి తెచ్చారేమో మీటరు పెట్టి చూస్తారు. తక్కెడ మీద బరువు, చట్రంలో పెట్టి వెడల్పు చూస్తారు. ఏ మోటారు ఏ తరగతిలో ఉండాలన్నది పై సంఘం రాస్తుంది, ఆమోదించిన మోటార్ల జాబితా కూడా అదే ప్రకటిస్తుంది. ప్రాంతీయ బాధ్యుడు దాన్ని మార్చలేడు, మారిస్తే ఇక్కడ గెలిచినవాడు రాష్ట్ర పోటీల్లో గేటు దగ్గరే ఆగిపోతాడు. నిబంధన రాసేది పైన, పళ్లు చూసేది కింద.

అంటే ఆ కుర్రాడు నిజంగా ఇవ్వగలిగిన హామీ ఒకటుంది. రెండు జిల్లాల్లో ఏ మైదానంలో ఆడినా ఒకే తక్కెడ, ఒకే వోల్టు మీటరు వాడతారు. తాను ఆడే తరగతిలో తనిఖీ తాను చేయడు. గెలిచిన మొదటి ముగ్గురి కార్లను పందెం అయ్యాక కూడా అందరి ముందూ బల్ల మీద పెట్టి చూస్తారు. "మోటారు నిబంధన తీసేయిస్తాను" అన్నంత ఊపు ఇందులో ఉండదు. నాకు మాత్రం దీని మీదే గురి.

ధరల హామీని తొందరగా ముగిస్తాను. బొమ్మల పద్దు కింద వచ్చే దిగుమతుల మీద సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. అది దిల్లీలో జరిగే లెక్క, కావలిలో తేలేది కాదు. పాత కార్లు చేతులు మారడానికి పోటీ రోజున ఒక బల్ల వేయించడం, అందరికీ పనికొచ్చే పినియన్లు (చిన్న గేర్లు), బేరింగులు కలిసి ఒకేసారి తెప్పించడం మాత్రం ఎవరైనా చేయవచ్చు.

తేదీల మీద మాత్రం అతనికి నిజమైన అధికారం ఉంది. పైవాళ్లు వేసిన క్యాలెండరుకు తల ఊపే బాధ్యుడికీ, తన నేల వానలు తెలిసిన బాధ్యుడికీ తేడా ఇక్కడే బయటపడుతుంది. దేశంలో చాలాచోట్ల వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు. హైదరాబాద్ అలవాటుతో క్యాలెండరు వేసేవాళ్లు ఆ నాలుగు నెలలు వదిలేసి, దసరా దాటాక సీజన్ మొదలుపెడతారు. నెల్లూరుకు అది తలకిందుల లెక్క. మాకు ప్రధానంగా వాన ఇచ్చేది ఈశాన్య రుతుపవనం, అంటే అక్టోబరు, నవంబరు, డిసెంబరు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వార్తల్లో వినపడిందంటే మట్టి ట్రాక్ మీద ఆశ వదులుకోవాల్సిందే. మలుపులు, గుట్టలు అన్నీ కట్టి, నీళ్లు చల్లి, రోలరు తిప్పి గట్టిపరిచిన ట్రాక్ ఒక్క రాత్రిలో నారుమడి అయిపోతుంది. పడమటికి, కనిగిరి, మార్కాపురం వైపు వెళితే నేల వేరు, వాన వేరు. అక్కడ డిసెంబరులో ఆడుకోగలిగిన రోజున కోట, వాకాడు వైపు మోకాలి లోతు నీళ్లుండవచ్చు.

వేసవి గురించి చెప్పేదేముంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. లైపో బ్యాటరీలు రోళ్లంత గట్టివి కావు. అద్దాలెత్తిన కారులో వదిలేస్తే ఉబ్బుతాయి. దెబ్బతిన్నదాన్ని చార్జింగ్‌లో పెడితే అంటుకోవచ్చు. చార్జింగ్ బల్ల దగ్గర ఇసుక బకెట్టు లేని పోటీకి నేను మా అబ్బాయిని పంపను. ఏప్రిల్, మే నెలల్లో పగలు పోటీ పెట్టేవాడికి ఓటు వేయను కూడా. సాయంత్రం లైట్ల కింద పెట్టవచ్చు, దానికి కరెంటు, జనరేటరు, ఖర్చు. ఇవన్నీ తీసేస్తే జనవరి నుంచి మార్చి వరకు, మళ్లీ జూలై నుంచి సెప్టెంబరు వరకు మిగులుతాయి. అందులో సంక్రాంతి, పిల్లల పరీక్షలు, వినాయక చవితి, పెళ్లిళ్లు. ఏడాది మొత్తానికి చేతికందే ఆదివారాలు పాతికలోపే. వీటిని నెల్లూరుకు, కావలికి, ఒంగోలుకు, పడమటి ఊళ్లకు పంచాలి. పక్క ప్రాంతం పోటీలతో ఢీకొనకూడదు. ఈ పంపకం చేయగలిగినవాడు నాయకుడైపోయినట్టే, ఎన్నిక లాంఛనం.

ఇప్పుడు పెద్దాయన అడిగిన ఇన్సూరెన్సు. ఎనిమిదో వంతు బగ్గీ, అంటే మట్టి ట్రాక్ మీద ఆడే కారు, మూడు కిలోలకు పైగా తూగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం దానికి ఒక లెక్క కాదు. ఆ వేగంలో తగిలితే దెబ్బ ఎంతో తెలుసుకోవడానికి బళ్లో చదువుకున్న భౌతికశాస్త్రం చాలు. అదే బరువున్న రాయిని 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు నాలుగంతస్తుల మేడ మీద నుంచి వదిలితే నేలను తాకేటప్పుడు దానికి ఎంత శక్తి ఉంటుందో, ఈ కారుకూ అంతే ఉంటుంది. మన ఊళ్లలో మైదానంలో ఇంజను చప్పుడు వినపడితే చాలు, పిల్లలు గీత మీదికే వచ్చేస్తారు. ఒకసారి మా దగ్గర కారు అదుపు తప్పి, చూస్తున్న ఒకాయన పిక్కకు తగిలింది. ఆయన మంచివాడు కాబట్టి కట్టు కట్టించి, కాఫీ ఇప్పిస్తే సర్దుకుంది. ప్రతిసారీ కాఫీతో సరిపోదు.

అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ క్లబ్బులు జాతీయ సంఘంలో చేరడానికి ఒక పెద్ద కారణం సభ్యత్వంతోపాటు వచ్చే బాధ్యతా బీమా. కప్పులు, పతకాలు ఆ తరువాతే. అక్కడ చాలాచోట్ల బీమా కాగితం లేనిదే మైదానం ఇవ్వరు. ఇక్కడ మైదానం యజమాని ఇంకా ఆ కాగితం అడగడం లేదు, అందుకే మనమూ పట్టించుకోవడం లేదు. ఒక్కో కార్యక్రమానికి విడిగా ప్రజా బాధ్యత పాలసీ తీసుకునే వీలుంది. బాధ్యుడిగా నిలబడేవాడు ప్రవేశ రుసుములో ఆ ఖర్చు ఎంత కలుపుతాడో ముందే చెప్పాలి. రుసుము తగ్గిస్తానని చెప్పి ఓటు అడిగేవాడు ముందుగా కోసేది ఈ ఖర్చునే.

ఇంతవరకూ పదవి గురించి. దానికన్నా చిక్కు ముడి ఓటరు ఎవరన్నది. మన దగ్గర ఇలాంటి సంఘాలు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద, జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదవుతాయి. కనీసం ఏడుగురు ఉండాలి. క్రీడల కోసం సంఘం పెట్టుకోవచ్చని చట్టమే చెబుతుంది, అయితే అదృష్టం మీద ఆధారపడే ఆటలు పనికిరావు. అందుకే దరఖాస్తులో "పందెం" అన్న మాట బదులు "పోటీ" అని రాసుకోవాలని నా సలహా. మన వైపు పందెం అనగానే అధికారికి కోడి కళ్లముందు కదులుతుంది.

ఏడుగురు అన్న సంఖ్యలోనే ఒక మెలిక ఉంది. మనిషికి ఒక ఓటు అంటే నెల్లూరు నగరం మాట ఎప్పుడూ చెల్లుతుంది, కనిగిరి వాళ్లు చప్పట్లు కొట్టడానికి మిగులుతారు. క్లబ్బుకు ఒక ఓటు అంటే కాగితం మీద క్లబ్బులు మొలుస్తాయి. అన్నదమ్ములు, బావమరుదులు, బాబాయి కొడుకులు కలిసి ఏడుగురు కావడం మన ఇళ్లలో ఎంతసేపు? క్రికెట్‌లో ఈ ముడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. క్రికెట్ బోర్డును చక్కదిద్దడానికి కోర్టే వేసిన లోధా కమిటీ, రాష్ట్రానికి ఒకే ఓటు ఉండాలంది; ఆ మాటను 2016లో కోర్టు ఒప్పుకుంది. కానీ మహారాష్ట్రలో ముంబయి, విదర్భ; గుజరాత్‌లో బరోడా, సౌరాష్ట్ర దశాబ్దాలుగా విడి సంఘాలు. చివరికి 2018 ఆగస్టులో కోర్టే పట్టు సడలించి వాటికి పూర్తి సభ్యత్వం తిరిగి ఇచ్చింది. అంత పెద్దవాళ్లకే ఒక్క దెబ్బకు తెగని ముడి ఇది.

నా మట్టుకు నాకు ఓటు మనిషికే ఉండాలనిపిస్తుంది, కానీ ఊరికే రాకూడదు. గడిచిన ఏడాదిలో కనీసం మూడు పోటీల్లో ఆడి ఉండాలి, లేదా మార్షల్‌గా నిలబడి ఉండాలి. ఎన్నికకు ముందు నెలలో చేరినవాళ్ల పేర్లు జాబితాలో ఉండకూడదు. సహకార సంఘాల ఎన్నికలు చూసినవాళ్లకు ఆ నెలలో సభ్యత్వ పుస్తకం ఎలా లావెక్కుతుందో తెలుసు. పద్దెనిమిది నిండని పిల్లల సంగతి ఒకటి మిగిలిపోతుంది. మైదానంలో వేగంగా ఆడేవాళ్లలో వాళ్లున్నారు, ఓటర్ల జాబితాలో ఉండరు. వాళ్లను తీసుకొచ్చే తల్లికో తండ్రికో సభ్యత్వం ఇచ్చి ఆ గొంతు వినిపించేలా చేయాలి.

ప్రాంతం హద్దు ఇంకో తలనొప్పి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరును వదిలి తిరుపతిలోకి వెళ్లాయి. చీరాల, అద్దంకి ప్రకాశం నుంచి బాపట్లలో కలిశాయి. ఆ తరువాత కూడా హద్దుల మీద కదలిక ఆగలేదు. సంఘం బైలాస్‌లో (నియమాల పత్రంలో) "నెల్లూరు, ప్రకాశం జిల్లాలు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, గూడూరు కుర్రాడు పడుకునేటప్పుడు ఓటరు, లేచేసరికి పరాయివాడు.

ఇందులో మన రైతుల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగిస్తూ తెచ్చిన చట్టంలో నీటి వినియోగదారుల సంఘం పరిధిని నీరు పారే తీరును బట్టి గీశారు. కాలువకు రెవెన్యూ గ్రామం పొలిమేర తెలియదు కదా. మన కార్లకూ అంతే. ఏ మైదానానికి ఎవరు పొద్దున బయలుదేరి, ఆడి, రాత్రి భోజనానికి ఇల్లు చేరగలరో వాళ్లంతా ఒక ప్రాంతం. నెల్లూరు నుంచి ఒంగోలుకు జాతీయ రహదారి మీద సుమారు 120 కిలోమీటర్లు, ఫరవాలేదు. మార్కాపురం నుంచి నెల్లూరుకు రానూపోనూ ప్రయాణంలోనే రోజు తెల్లారిపోతుంది. అటువైపు వాళ్లకు సొంత మైదానమైనా ఉండాలి, లేదా వేరే ప్రాంతంలో కలిసే స్వేచ్ఛ అయినా ఉండాలి.

బయటికి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఈ ఆటలో నాయకుడిగా నిలబడడానికి తీరిక, సామాను, పరిచయాలు అన్నీ ఉన్న మనిషి తరచుగా కార్లు అమ్మే దుకాణందారే. ట్రాక్ కట్టించడానికి ముందు చేయి వేసేది కూడా ఆయనే. ఆయన నిలబడకూడదని అనడం కృతఘ్నత. కానీ తాను అమ్మే టైర్లనే అందరూ వాడాలని నిర్ణయించే కుర్చీలో ఆయన కూర్చోకూడదు, తనిఖీ బల్ల దగ్గరా నిలబడకూడదు. ఎన్నికకు ముందే ఆ రెండింటికీ దూరంగా ఉంటానని రాసిస్తే నా ఓటు ఆయనకే వేస్తాను. రాసివ్వడానికి నసిగితే ఎంత మంచి మనిషైనా వేయను.

గొడవలు వస్తే ఏమిటి? 2001 చట్టం 23వ సెక్షను ప్రకారం సంఘంలో వివాదాన్ని మధ్యవర్తిత్వానికి తీసుకెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. ఒక ల్యాప్ లెక్క తప్పిందని జిల్లా కోర్టు మెట్లెక్కేవాళ్లు ఉండరనుకుంటాను, అయినా మన వాళ్ల పంతాలు తెలుసు కాబట్టి గట్టిగా చెప్పను. ఫలితం ప్రకటించిన అరగంటలో రాతపూర్వక ఫిర్యాదు తీసుకుంటే, ఆ తరగతిలో ఆడని ముగ్గురు కూర్చుని అక్కడే తేలిస్తే కోర్టు దాకా పోయే పని ఉండదు. పదవీకాలం మాట కూడా ముందే రాసుకోవాలి. 2011 నాటి జాతీయ క్రీడా నియమావళి సమాఖ్య అధ్యక్షుడికి 12 ఏళ్ల గరిష్ఠ పరిమితి, 70 ఏళ్ల వయోపరిమితి పెట్టింది. 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. అవి గుర్తింపు ఉన్న సమాఖ్యలకు సంబంధించినవి. మన లాంటి చిన్న సంఘాన్ని ఎవరూ వచ్చి పట్టుకోరు. మనంతట మనం రెండు పదవీకాలాలు చాలని రాసుకోకపోతే మొదటి బాధ్యుడే చివరివాడు కూడా అవుతాడు.

ఇవన్నీ ఫోనులో చెప్పేవి కావు కాబట్టి మొన్న ఆదివారం కావలి వెళ్లి ఆ కుర్రాడిని కలిశాను. టీ తాగుతూ చాలాసేపు వాదించాడు. మోటారు నిబంధన మీద ఇప్పటికీ అతని మాట అతనిదే. చివరికి నోటుపుస్తకం తీసి, హామీలున్న పేజీ మడిచేసి, కొత్త పేజీలో తేదీలు వేయడం మొదలుపెట్టాడు. మొదటి పోటీ జనవరి మూడో ఆదివారం అని రాశాడు. పండగ దాటిన ఆ వారం ఆ మైదానంలో ఎడ్ల పోటీలున్నాయని చెప్పాను. కొట్టేసి ఫిబ్రవరి రెండో ఆదివారం అని రాశాడు. కాసేపు పెన్ను కొరుకుతూ ఆలోచించి, పక్కన చిన్న అక్షరాలతో "నీళ్ల ట్యాంకరు – మామయ్యను అడగాలి" అని చేర్చాడు.